కారు రిమోట్ తాళంచెవి మొరాయిస్తే ఏం చేయాలి?



ఈసారి గోడపత్రికకు సైన్సు వ్యాసం ఒకటి వ్రాయమని మాస్టారు చెప్పారు. గ్రహాల గురించి, రాకెట్ల గురించి అందరూ వ్రాస్తారు కదా! నేను మన రోడ్డు మీద రోజూ కనపడే వస్తువు గురించి వ్రాస్తున్నాను. అదే కారు రిమోట్ తాళంచెవి. చలికాలం వస్తే లంబసింగి మంచు చూడటానికి ఎన్ని కార్లు వస్తాయో మీకు తెలుసు. మన అన్నలు, బావలు చాలామంది ఇప్పుడు కార్లు నడుపుతున్నారు. మా బావ కూడా చింతపల్లి రోడ్డులో కారు తోలుతాడు. సెలవుల్లో ఆయన్ని అడిగి, పాత రిమోట్ ఊడదీసి చూసి తెలుసుకున్న సంగతులే ఇవి.

ఒక తాళంచెవిలో మూడు పనులు

చూడటానికి అది ఒకే వస్తువు. కానీ దానిలో మూడు వేర్వేరు వస్తువులు ఉంటాయి.

మొదటిది చిన్న రేడియో. మీట నొక్కితే అది కారుకు సంకేతం పంపుతుంది. మన దేశంలో చాలా కార్ల రిమోట్లు 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. టీవీ రిమోట్ పంపేది కంటికి కనపడని పరారుణ కాంతి. అడ్డంగా మనిషి నిలబడితే ఆగిపోతుంది. 1982లో ఫ్రాన్సు దేశపు రెనో కంపెనీ ఫ్యూగో అనే కారుకు పెట్టిన రిమోట్ కూడా అలాంటి కాంతిదే. ఇప్పటివి రేడియో తరంగాలు కనుక జేబులో నుంచి నొక్కినా పనిచేస్తాయి. దీనికి గుండ్రని బిళ్ళ సెల్లు కావాలి.

రెండోది ఇనుప చెవి. కొన్నింటికి బయటికే ఉంటుంది, కొన్నింటిలో లోపల దాగి ఉంటుంది. పక్కన చిన్న మీట జరిపితే బయటికి వస్తుంది. దీనికి సెల్లుతో పని లేదు.

మూడోది చిన్న చిప్పు. ఇది దొంగల కోసం పెట్టినది. తాళం పెట్టే చోట కారులో ఒక తీగచుట్ట ఉంటుంది. దాని అయస్కాంత క్షేత్రం వల్ల చిప్పులోని తీగచుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. పదో తరగతి అన్నలు పాఠంలో చదివే ఉంటారు. ఆ కరెంటుతో చిప్పు తన గుర్తు చెబుతుంది. గుర్తు సరిపోతేనే ఇంజను నడుస్తుంది. ఇనుప చెవికి నకలు చేయించిన దొంగ తలుపు తీయగలడు గానీ కారు తోలుకుపోలేడు. ఐరోపాలో 1998 నుంచి కొత్త కార్లకు ఈ ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఈ చిప్పుకు కూడా సెల్లు అక్కరలేదు.

కనుక గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే. సెల్లు అయిపోతే మూడింటిలో ఒకటే పోతుంది. మిగిలిన రెండూ బతికే ఉంటాయి.

ఇది తెలియకపోతే ఎంత కష్టమో నేను కళ్ళారా చూశాను. సంక్రాంతి సెలవుల్లో మా పిన్నికి తెల్లవారుజామున నొప్పులు వచ్చాయి. ఊళ్ళో ఫోను సిగ్నలు లేదు. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారు. అక్కడ కారు ఉంది, డ్రైవరు ఉన్నాడు, కానీ మీట ఎన్నిసార్లు నొక్కినా తలుపు తెరుచుకోలేదు. పిన్ని నేల మీద దుప్పటి మీద పడుకుని ఉంది. డ్రైవరు అద్దం పగలగొడదామని రాయి కూడా పట్టుకున్నాడు. టీ కొట్టు దగ్గరున్న ముసలి లారీ డ్రైవరు ఒకాయన “ఆగు నాయనా, ఆ తాళం ఇలా తే” అని తీసుకుని, పక్క మీట జరిపి ఇనుప చెవి లాగాడు. తలుపు పిడి చివరనున్న మూత తీస్తే కింద తాళం కన్నం ఉంది! తలుపు తీయగానే సైరను మోగింది. ఆయన కంగారు పడకుండా రిమోట్‌ని స్టార్టు మీటకు ఆనించి నొక్కించాడు. ఇంజను అందుకుంది, సైరను ఆగింది. పాడేరు ఆసుపత్రిలో పిన్నికి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. కానీ రోడ్డు మీద పావుగంట పోయింది. ఆ పావుగంట ఇంకెవరికీ పోకూడదు.

వరుసగా చూడవలసినవి

1) తప్పు తాళంచెవిలో ఉందా, కారులో ఉందా? ఇంట్లో ఉన్న రెండో తాళంచెవితో నొక్కి చూడాలి. అది పనిచేస్తే తప్పు మొదటి దానిలోనే. రెండూ పనిచేయకపోతే ఇనుప చెవితో తలుపు తీసి లోపలి దీపాలు చూడాలి. దీపాలు వెలగకపోయినా, మినుకుమినుకుమన్నా కారు 12 వోల్టుల బ్యాటరీయే దిగిపోయిందన్న మాట. అప్పుడు రిమోట్‌ని ఎంత విప్పినా లాభం లేదు.

2) దగ్గరికి వెళ్ళి నొక్కాలి. ముందు ఇరవై అడుగుల నుంచి పనిచేసినది ఇప్పుడు తలుపు పక్కనే పనిచేస్తోందంటే సెల్లు ముసలిదైంది. పొద్దున చలిలో పనిచేయక, మధ్యాహ్నం ఎండెక్కాక పనిచేసినా అదే గుర్తు. చలికి సెల్లు లోపలి రసాయన చర్య మందగిస్తుంది. లంబసింగిలో సున్నా డిగ్రీల దాకా చలి దిగుతుంది కనుక మన వైపు ఇది మామూలే. అప్పటికప్పుడు గుప్పెట్లో కాసేపు వెచ్చబెట్టి నొక్కితే ఒక్కోసారి పనిచేస్తుంది.

3) సెల్లు మార్చాలి. మామూలుగా రెండు మూడేళ్ళు వస్తుంది. పాత సెల్లు మీద అంకె చూసి అదే కొనాలి. ఎక్కువగా ఉండేది సి.ఆర్.2032. దీనిలో 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. 2025 కూడా అంతే వెడల్పు, మందం మాత్రం 2.5. అది పెడితే వదులై రిమోట్ ఒకసారి పనిచేసి ఒకసారి చేయదు. కొత్త సెల్లు 3 వోల్టులు ఉంటుంది. ల్యాబులోని మీటరుతో చూడవచ్చు. విప్పేటప్పుడు కూడిక గుర్తు ఎటు ఉందో ముందే చూసుకుని, కొత్తదాన్ని అంచులతో పట్టుకుని అలాగే పెట్టాలి.

4) కొత్త సెల్లు వేసినా రాకపోతే లోపలి రేకులు చూడాలి. తుప్పు, మట్టి ఉంటే పొడి గుడ్డతో తుడవాలి. రేకు వంగిపోతే మెల్లగా పైకెత్తాలి. చాలాసార్లు కింద పడినదైతే లోపల అతుకు ఊడి ఉంటుంది. అది రిపేరు చేసేవాళ్ళకే ఇవ్వాలి.

5) వాగులోనో వానలోనో తడిస్తే మీట నొక్కవద్దు. వెంటనే సెల్లు తీసేసి, నీరు తుడిచి, నీడలో గాలికి పూర్తిగా ఆరనిచ్చిన తరువాతే సెల్లు పెట్టాలి. పొయ్యి దగ్గర పెడితే ప్లాస్టిక్ కరుగుతుంది.

6) ఇవన్నీ సరిగా ఉన్నా పనిచేయకపోతే లెక్క తప్పి ఉండవచ్చు. దొంగ విని మళ్ళీ వాడకుండా, మీట నొక్కిన ప్రతిసారీ రిమోట్ కొత్త సంకేతం పంపుతుంది. ఇద్దరు కాపలాదార్ల దగ్గర ఒకే పుస్తకం ఉండి, రోజుకో పేజీలోని మాట గుర్తుగా చెప్పుకున్నట్టు అనుకోండి. ఒకరు రెండు మూడు పేజీలు ముందుకు పోయినా రెండోవారు వెతికి పట్టుకుంటారు. పిల్లలు ఇంట్లో ఆటకని వందలసార్లు నొక్కితే కారు అందుకోలేనంత ముందుకు పోతుంది. మళ్ళీ కలపడానికి కారుతో ఇచ్చిన పుస్తకంలో పద్ధతి ఉంటుంది. లేకపోతే షెడ్డుకు తీసుకుపోవాలి.

వార్డెన్ గారికి, పెద్ద తరగతుల వారికి

అన్నింటికంటే ముఖ్యమైనది ఇది. తీసేసిన బిళ్ళ సెల్లును నేల మీద పడేయకూడదు. మెరుస్తుంది కదా, చిన్న తరగతుల పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. మింగితే అది గొంతు దిగువన ఆహారనాళంలో ఇరుక్కుని, రెండు గంటల్లోనే లోపల కాలిన పుండు చేయగలదు. కారుకు పనికిరాని పాత సెల్లులో కూడా అంత శక్తి మిగిలే ఉంటుంది. మింగారని అనుమానం వచ్చినా సరే, నొప్పి వచ్చేదాకా చూడకూడదు. వాంతి చేయించకూడదు. వెంటనే 108కి ఫోను చేసి ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. పాత సెల్లుకు రెండువైపులా టేపు అంటించి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో వేయాలి. అలాంటి డబ్బా ఒకటి ఆఫీసు గదిలో పెట్టించమని వార్డెన్ గారిని కోరుతున్నాను. గడియారాల, బొమ్మల బిళ్ళ సెల్లులు కూడా దానిలోనే వేయవచ్చు.

మిత్రులారా, మీ ఇంట్లో ఎవరైనా కారు నడుపుతుంటే ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. “ఈ తాళంలో ఇనుప చెవి ఎక్కడుంది? తలుపు మీద దాని కన్నం ఎక్కడుంది? తీసి చూపించు.” పగటిపూట తీరిగ్గా ఒకసారి తీసి చూస్తే, రాత్రిపూట రాయి వెతుక్కునే పని ఉండదు.

– 9వ తరగతి, బి సెక్షన్