ఆశ్రయం అనే మాట



ఈ రోజు ఒక మాట గురించి ముచ్చటించుకుందాం. ఆ మాట ఆశ్రయం. మనందరికీ తెలిసిన మాటే. అయినా మా నిర్ణా చుట్టుపక్కల ఊళ్ళలో ఇది ఇంట్లో ఒక తీరుగా, పంచాయతీ ఆఫీసులో ఇంకో తీరుగా వినబడుతుంది. రెండు భాషల మధ్య బతికేవాళ్ళకు ఇలాంటి చిక్కులు మామూలే.

మా ఊరి సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. 1956 నవంబరు 1 దాకా నిర్ణా జహీరాబాదు తాలూకాలో ఉండేది. ఆ తాలూకా అప్పటి హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలోది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం జహీరాబాదు తాలూకాను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది, నిర్ణా సర్కిలును మాత్రం మినహాయించింది. చట్టంలో అది బ్రాకెట్ల మధ్య ఉన్న చిన్న ముక్క. ఆ ముక్కతో మేము మైసూరు రాష్ట్రంలోకి వచ్చాం. 1973లో దాని పేరు కర్ణాటక అయింది. మేనమామలు అటు ఉండిపోయారు, మేనల్లుళ్ళు ఇటు ఉండిపోయారు. కాబట్టి కష్టకాలంలో అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు వచ్చి ఉండటం మాకు కొత్త కాదు.

ఇక మాట దగ్గరికి వద్దాం. సంస్కృతంలో 'శ్రి' అనే ధాతువుకు ఆనుకోవడం, చేరడం అని అర్థం. దాని ముందు 'ఆ' చేరితే ఆశ్రయం పుట్టింది. మల్లెతీగ పందిరిని ఆశ్రయించింది అంటాం చూడండి, అదీ దీని అసలు బొమ్మ. ఆశ్రమం కూడా ఈ మాటకు చుట్టమేనని చాలామంది అనుకుంటారు. కాదు, ఆశ్రమం పుట్టింది శ్రమ అనే మాట పుట్టిన ధాతువు నుంచి. చెవికి దగ్గరగా ఉన్నంత మాత్రాన మాటలు అన్నదమ్ములు కావు.

పిల్లలు తరచుగా చేసే తప్పు ఒకటుంది. 'మా మామ మమ్మల్ని ఆశ్రయించాడు' అని రాస్తారు. మామ ఇంట్లో చోటిచ్చాడని వాళ్ళ ఉద్దేశం. కాని ఆ వాక్యానికి అర్థం తలకిందులు, మామే వీళ్ళ దగ్గరికి వచ్చి ఆధారపడ్డాడని. ఆశ్రయించేవాడు అడిగేవాడు. ఆశ్రయం ఇచ్చేవాడు వేరు. 'రైతులు కోర్టును ఆశ్రయించారు' అని పేపర్లో చదివినప్పుడు కూడా, న్యాయం కోసం ఆ గడప ఎక్కారనే అర్థం చేసుకోవాలి. పోలీసు వార్తల్లో ఇదే మాట నల్లబడుతుంది. నేరస్థుడని తెలిసీ, శిక్ష తప్పించాలని ఆశ్రయమిస్తే అది నేరం. అయితే చట్టం భార్యాభర్తలను ఈ నేరం నుంచి మినహాయించింది. చట్టం రాసినవాళ్ళకూ ఇల్లంటే ఏమిటో తెలుసన్నమాట.

ఆశ్రయం పుస్తకాల మాట. ఇళ్ళలో మనం వాడేవి వేరు, వాటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క బరువు. పంచ అంటే ఇంటి ముందు చూరు కింద ఉండే చోటు. 'ఒకరి పంచన బతుకుతున్నాం' అంటే లోపలి గదిలోనే పడుకోవచ్చు, అన్నం కూడా వేళకు దొరకవచ్చు, అయినా మనసు మాత్రం వాకిట్లోనే ఉందని అర్థం. ఇంకా కటువుగా అనాలంటే 'చూరు పట్టుకొని వేలాడుతున్నాడు' అంటారు. అదే 'ఆయన నీడన పెరిగాం' అంటే అందులో కృతజ్ఞత ఉంది. నీడ ఎవరినీ లెక్క అడగదు కదా. వానకో, ఒక రాత్రికో అయితే తలదాచుకోవడం. చేరదీయడం అన్నది మరీ సున్నితమైన మాట. 'వాళ్ళు నన్ను చేరదీశారు' అని పొందినవాడు చెబితే అందం. 'నేనే వాణ్ని చేరదీశాను' అని ఇచ్చినవాడు నలుగురిలో అంటే, ఇచ్చింది సగం వెనక్కి లాక్కున్నట్టే వినిపిస్తుంది నాకు.

దిక్కు అనే మాటను కూడా చూడండి. తూర్పు, పడమర దిక్కులే. 'మాకు నువ్వే దిక్కు' అన్నప్పుడు కూడా దిక్కే. ఎటు పోవాలో తెలియనివాడు దిక్కులేనివాడు. ఇంతకన్నా పాత మాట కాందిశీకుడు. 'ఏ దిక్కుకు పోను' అనే అర్థం గల సంస్కృత మాటల నుంచి ఇది వచ్చిందని పండితులు చెబుతారు. మనవాళ్ళకు ఈ మాట కథల్లోది కాదు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేసినప్పుడు, అక్కడ రేవుల్లో, మిల్లుల్లో పనిచేస్తున్న తెలుగువాళ్ళు వేలమంది ఇంటి దారి పట్టారు. ఓడ దొరకనివాళ్ళు కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు, దారిలో చాలామంది పోయారు. 1960 తర్వాత బర్మా నుంచి మళ్ళీ మరో విడత వచ్చింది. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు ఈ రాకపోకల గుర్తే.

అలా వచ్చినవాళ్ళను శరణార్థులు అని కూడా అంటాం. ఇక్కడే మా జిల్లాలో ఒక తమాషా ఉంది. బసవణ్ణ నడిచిన కల్యాణం, ఇప్పటి బసవకల్యాణం, బీదరు జిల్లాలోదే. మా దగ్గర లింగాయతులు ఎదురుపడితే 'శరణు శరణార్థి' అని పలకరించుకుంటారు. అది నమస్కారం. పెద్దవాడూ అంటాడు, చిన్నవాడూ అంటాడు. అటునుంచి కొత్తగా వచ్చిన తెలుగు చుట్టం మాత్రం, 'పాపం, వీళ్ళకు ఇల్లు పోయిందా?' అని అడుగుతాడు.

ఆసరా కూడా ఆశ్రయం నుంచి అరిగి, హిందీ ఉర్దూల మీదుగా మనకు వచ్చిన మాటే. కన్నడంలో ఆసరె అంటారు. గోడ ఆసరాతో నడిచాం అంటే అందులో చిన్నతనమేమీ లేదు. 2014లో తెలంగాణ ప్రభుత్వం ముసలివాళ్ళకు, వితంతువులకు, వికలాంగులకు ఇచ్చే పింఛనుకు ఆసరా అని పేరు పెట్టింది. అంతకు చాలా ముందే, 1991-92లో, కర్ణాటక ప్రభుత్వం ఇల్లులేని పేదలకు ఇళ్ళు కట్టించే పథకానికి ఆశ్రయ అని పేరు పెట్టింది. ఒకే వేరు. సరిహద్దుకు అటు చేతికొచ్చే పింఛను, ఇటు నాలుగు గోడలు.

దీని వల్లే నేనొకసారి తప్పులో కాలేశాను. మా బడిలో పాఠం కన్నడంలో. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు శనివారం బడి వదిలాక తెలుగు రాయించేవాణ్ని. ఒకనాడు ఆశ్రయం అనే మాటను సొంత వాక్యంలో ప్రయోగించమన్నాను. ఒక పిల్లవాడు ఇలా రాశాడు: 'మాకు ఆశ్రయ వచ్చింది. ఇగ మేం ఎవరి పంచల లేము.'

నేను ఎర్ర సిరాతో కొట్టేశాను. సున్నా లేదు, పైగా ఆశ్రయం ఇస్తారు, పొందుతారు, దానంతటది రాదు అని చెప్పాను. వాడేమీ మాట్లాడలేదు. సోమవారం వాళ్ళమ్మ వచ్చింది. తండ్రి పోయాక నాలుగేళ్ళు అన్నగారింట ఉన్నారట. పంచాయతీ జాబితాలో పేరు వచ్చిందట. 'సార్, మా పిల్లగాడు రాసింది తప్పా? ఇల్లు వచ్చిన మాట నిజమే కదా!' అని అడిగింది.

వాడు రాసింది కన్నడ ఆశ్రయ, నేను దిద్దింది తెలుగు ఆశ్రయం. తెలుగు మాటకు ఇచ్చేవాడొకడు, పుచ్చుకునేవాడొకడు కావాలి. వాడి మాటలో ఆ రెండోవాడు లేడు, సొంత తలుపూ తాళమూ ఉన్నాయి. ఆ తేడా తనకు తెలుసని రెండో వాక్యంలో రాసి మరీ చూపించాడు, నేనే చదవలేదు.

పుస్తకం తెమ్మన్నాను. ఎర్ర గీత చెరిగేది కాదు గనుక, పక్కనే 'సరిగానే ఉంది' అని రాసి సంతకం పెట్టాను. వాడు అది చూసి, 'సున్నా పెట్టాలా వద్దా సార్?' అన్నాడు. తెలుగులో రాసేటప్పుడు పెట్టు, మీ ఇంటి గోడ మీద వద్దు అన్నాను.

సెలవు.