గుర్రానికి ఒంటికీ, రెంటికీ నేర్పవచ్చునా?

పిల్లలూ! క్లాసులో పాఠం జరుగుతూ వుండగా మీకు అవసరమైతే ఏం చేస్తారు? లేచి నిలబడి వ్రేలు చూపిస్తారు. ఒక వ్రేలు చూపితే ఒంటికి, రెండు వ్రేళ్లు చూపితే రెంటికి. మాస్టారు తల వూపగానే తుర్రుమని వెళ్లి వస్తారు. ఈ మర్యాద మీకు పుట్టుకతో రాలేదు. అమ్మో, నాయనమ్మో ఓపికగా నేర్పితే వచ్చింది. కుక్కపిల్ల కూడా నేర్పితే నేర్చుకుంటుంది. పిల్లికైతే అంతగా నేర్పనక్కర లేదు. కాస్త మెత్తని మట్టి చూపిస్తే తానే గొయ్యి త్రవ్వుకుని, పని కాగానే కప్పిపెట్టి వస్తుంది. మరి గుర్రం సంగతి ఏమిటి? శాలలో వుండే గుర్రానికి ఈ అలవాటు నేర్పవచ్చునా?

నవ్వకండి. గుర్రాన్ని పెంచేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్న. 450, 500 కిలోల బరువుండే పెద్ద గుర్రం లద్దీ, మూత్రమూ కలిపి రోజుకు 20 కిలోలకు పైగానే విడుస్తుంది. సంవత్సరానికి ఎంతవుతుందో మీరే లెక్క కట్టండి. ఏడు టన్నులు దాటిపోతుంది! మన ప్రాంతపు తట్టుగుర్రాలు చిన్నవి గనుక వాటి లెక్క కొంత తక్కువ. అయినా ఎత్తిపోసేవాడి నడుముకు అదేమీ తక్కువగా తోచదు. (ఆవు వేసేది పేడ, మేక వేసేది పెంటికలు, గుర్రం వేసేది లద్ది. చూచారా, మన భాషలో దేని పేరు దానికే వున్నది!)

మానేరు ఒడ్డున ఎలగందుల కోట, జగిత్యాల కోట, నిర్మల కోట - ఇవన్నీ ఒకప్పుడు సైన్యం నిలిచిన చోట్లు. సైన్యం వున్నచోట గుర్రాలూ వుండేవి, గుర్రాలున్నచోట తబేలాలూ, వాటిని శుభ్రం చేసే సాయీసులూ వుండేవారు. ఇప్పుడు కరీంనగరం, ఆదిలాబాదు వైపు గుర్రం కనిపించేది ఎక్కువగా పెళ్లి వూరేగింపులలోనే. ఆదిలాబాదుకు పొరుగున వున్న నాందేడ్ జిల్లాలో మాలెగాం ఖండోబా జాతరకు వెళితే మాత్రం ఈనాటికీ గుర్రాల సంత చూడవచ్చు.

ఇక మన ప్రశ్నకు వద్దాం. దీనికి ఒకటి కాదు, రెండు జవాబులున్నాయి. ఒంటికి ఒక జవాబు, రెంటికి ఇంకొక జవాబు.

ముందు ఒంటికి సంగతి. గుర్రం నడుస్తూ మూత్రం విడవలేదు. ఒకచోట నిలబడాలి, వెనుక కాళ్లు ఎడం చేయాలి, ఒళ్లు సాచాలి. ఆ భంగిమలో వున్నప్పుడు చటుక్కున పరుగు తీయడం కష్టం. గుర్రానికి ప్రాణరక్షణ అంటే పరుగే గదా! అందుచేత బెదురుగా వున్నచోట అది ఒంటికి పోవడానికి ఇష్టపడదు. ఇంకొక చిత్రం కూడా వున్నది. తుంపరలు తన కాళ్లమీద చిందడం గుర్రానికి గిట్టదు. మెత్తని గడ్డి పరచిన చోట అయితే చిందవు. కాబట్టి పని నుంచి తిరిగివచ్చి, పొడిగడ్డి పరచిన శాలలోకి అడుగుపెట్టగానే చాలా గుర్రాలు మొట్టమొదట చేసే పని ఇదే. దారిపొడుగునా ఆపుకుని వస్తాయన్నమాట.

కరీంనగరం గ్రానైటు రాయికి పేరుపొందినదని మీకు తెలుసు. ఆ బండలు నున్నగా పరచిన గది మనకు అందంగా వుంటుంది. కడగడం సులభం. కాని గుర్రాన్ని తెచ్చి ఆ వట్టి బండమీద నిలబెడితే అది ఇబ్బందిపడుతుంది. ఒంటికి పోక గంటలకొద్దీ బిగబట్టుకుంటుంది. యజమాని 'మంచి అలవాటు వచ్చింది, గది పొడిగా వున్నది' అని మురిసిపోతాడు. అది అలవాటు కాదు, బాధ! మన మెట్టపంటల వూళ్లలో జొన్నచొప్పా, వరి పండేచోట వరిగడ్డీ దొరుకుతాయి. ఏది దొరికితే అది మందంగా పరచవలసిందే.

పరిస్తే సరిపోదు, తడిసినదాన్ని రోజూ తీసివేయాలి. మూత్రంలో యూరియా అనే పదార్థం వుంటుంది. నేలమీది సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి అమ్మోనియా వాయువు పుట్టిస్తాయి. తబేలాలోకి వెళ్లగానే కళ్లు మండించి, ముక్కు అదరగొట్టే వాసన అదే. మనం నిలబడి వుంటాం గనుక కొంత నయం. గుర్రం తల వంచి నేలమీద మేస్తుంది, పడుకుంటుంది కూడాను. వాయువు పుట్టే చోటనే దాని ముక్కు! ఊపిరితిత్తులు దెబ్బతిని దగ్గు పట్టుకుంటుంది. తడిలో నిలబడి నిలబడి గిట్టల అడుగున వున్న మెత్తని భాగం కుళ్లుతుంది. ఊపిరీ, కాళ్లూ పోయాక గుర్రంలో ఇంకేం మిగులుతుంది? ఆదిలాబాదులో మార్గశిర, పుష్యమాసాల చలి మీకు చెప్పనక్కరలేదు. కొన్ని తెల్లవారుజాములలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల దాకా దిగిపోతుంది. పాపం, చలి వేస్తుందని జాలిపడి శాల తలుపులూ, కిటికీలూ బిగించివేస్తారు. అమ్మోనియా లోపలే నిలిచిపోతుంది. ఆ కాలంలో గుర్రానికి గోనెపట్టా కప్పి, పైకిటికీలు తెరిచివుంచడం మేలు.

అందుకే తెలివైన సాయీసు మూత్రానికి ఒక వేళా, ఒక చోటూ అలవాటు చేయాలని చూస్తాడు. మా చిన్నతనంలో కరీంనగరంలో టాంగా తోలే తాత ఒకాయన ఈ విద్యలో ఆరితేరినవాడు. సాయంత్రం టాంగా విప్పి, గుర్రానికి నీళ్లు పెట్టి, గడ్డిమీద నిలబెట్టి, సన్నగా ఈల వేసేవాడు. రెండు నిమిషాలలో గుర్రం ఒళ్లు సాచేది! మేము నోళ్లు తెరుచుకుని చూస్తూ వుంటే, "మంత్రం లేదు, తంత్రం లేదు బిడ్డా! అది పోసేటప్పుడల్లా సీటీ కొట్టిన. ఇప్పుడు సీటీ కొడితే పోస్తది, గంతే" అనేవాడు.

తాత చెప్పినది అక్షరాలా శాస్త్రం. రష్యాలో ఇవాన్ పావ్‌లోవ్ అనే శాస్త్రజ్ఞుడు కుక్కలతో ప్రయోగాలు చేశాడు. తిండికి ముందు ఒక శబ్దం వినిపిస్తూ వస్తే, కొన్నాళ్లకు ఆ శబ్దం వినగానే, తిండి కనపడకపోయినా, కుక్క నోట నీళ్లూరాయి. టాంగా తాత పావ్‌లోవ్ పేరు విని వుండడు. అయినా ఇద్దరూ కనిపెట్టినది ఒకటే. పందెపు గుర్రాలకు ఎవరైనా మందులు పెట్టారేమో తెలుసుకోవడానికి పందెం కాగానే మూత్రం పరీక్షిస్తారు. ఆ సీసా నింపడానికి నేటికీ పలుదేశాల సాయీసులు ఈలే వేస్తారు.

ఎలా నేర్పాలో చెబుతాను. మొదటి వారం ఏమీ నేర్పవద్దు, చూడండి. గుర్రం ఏయే వేళల ఒంటికి పోతున్నదో కాగితంమీద వ్రాసుకోండి. దాని వేళ మీకు తెలియాలి గాని, మీ వేళ దానికి తెలియదు గదా! తరువాత గదిలో ఒక మూల గడ్డి మిగతాచోట్లకన్న మందంగా పరచండి. మునుపటి తడిగడ్డి పిడికెడు అక్కడ వుంచితే ఆ వాసన గుర్తుగా పనికివస్తుంది. గుర్రం ఒళ్లు సాచి మొదలుపెట్టినప్పుడు మాత్రమే ఈల వేయాలి, ముందుగా కాదు. ముగియగానే బెల్లం ముక్కో, గుప్పెడు నానిన ఉలవలో చేతిలో పెట్టి అందించాలి. 'తరువాత ఇద్దాంలే' అనుకుని పది నిమిషాలాగితే అది దేనికి ఇచ్చారో గుర్రానికి తెలియదు. ఇలా ఎన్నో రోజులు చేశాక, దాని వేళ చూచి ముందుగా ఈల వేసి చూడండి.

ఒక్క షరతు. మెడకు ముందుతాడు, వెనుక కాళ్లకు పిచ్చాడి తాడు కట్టివేసిన గుర్రానికి వేళ నేర్పవచ్చు గాని చోటు నేర్పలేరు. కదలలేని జీవి మూలకు ఎలా వెళుతుంది? చోటు నేర్పాలంటే గదిలో విడిగా తిరగనివ్వాలి.

కొట్టి నేర్పవచ్చు గదా అంటారేమో! అలా అనే పెద్దలను నేను చాలామందిని చూచాను. ఉపాధ్యాయ శిక్షణలో మాకు థారన్‌డైక్ అనే అమెరికా మనస్తత్వవేత్త పాఠం వుండేది. పిల్లులను పెట్టెలలో పెట్టి, అవి తలుపు తీసుకుని బయటపడడం ఎలా నేర్చుకుంటాయో ఆయన 1898లో ప్రకటించాడు. మంచి ఫలితం దొరికిన పని మళ్లీమళ్లీ చేస్తారని ఆయన సూత్రం. శిక్షకు కూడా బహుమతికి వున్నంత బలం వుంటుందని ఆయన మొదట అనుకున్నాడు. తరువాత మరిన్ని పరీక్షలు చేసి, ఆ మాట సరికాదని తానే దిద్దుకున్నాడు. తప్పుచోట పోసిందని గుర్రాన్ని కొడితే, అది నేర్చుకునేది చోటు కాదు, మీరంటే భయం. భయపడిన గుర్రం ఒంటికి పోనే పోదని ఇందాకనే చెప్పుకున్నాం. రాత్రి పక్క తడిపే పిల్లలను కొట్టే తల్లిదండ్రులు ఈ పేరా రెండుసార్లు చదవాలని నా కోరిక. ఆ పిల్లవాడు నిద్రలో చేసినదానికి మెలకువలో దెబ్బలు తింటున్నాడు.

గుర్రం ఏమిటి, ఆవు కూడా నేర్చుకుంటుంది. 2021లో జర్మనీ, న్యూజీలాండు శాస్త్రజ్ఞులు కలిసి 16 లేగదూడలకు మరుగుదొడ్డి నేర్పారు. నిజంగానే! గడిలోకి వెళ్లి మూత్రం పోస్తే తీపి తినుబండారం. బయట పోస్తే కాసిని నీళ్లు చిలకరింపు. అంతకుముందు చెవుల దగ్గర చికాకు శబ్దం వినిపించి చూచారట, దూడలు దాన్ని ఖాతరు చేయలేదు! పదహారింటిలో పదకొండు దూడలు నేర్చుకున్నాయి. చిన్నపిల్లలతో పోల్చదగినంత బాగా నేర్చుకున్నాయని ఆ శాస్త్రజ్ఞులే వ్రాశారు. గుర్రాలకు ఇలాంటి గడి కట్టాలంటే ఓపిక వుండాలే గాని అడ్డేమీ లేదు.

ఇప్పుడు రెంటికి సంగతి. ఇక్కడ జవాబు మారిపోతుంది.

గుర్రం ఆవులాగా నెమరు వేయదు. ఒంటితో పోల్చితే దాని జీర్ణకోశం చిన్నది. ఒకేసారి కడుపునిండా తిని తీరికగా కూర్చోలేదు. పచ్చికలో వదిలితే రోజులో పదిహేను, పదహారు గంటలు మేస్తూనే వుంటుంది. గడ్డిలోని పీచు అరిగేది వెనుకనున్న పెద్దప్రేగులలో. ముందు నుంచి మేత పడుతూ వుంటే వెనుక నుంచి లద్ది దిగుతూ వుంటుంది. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు వేయడం మామూలు. ఇందుకు నిలబడనక్కర కూడా లేదు. నడుస్తూ వేస్తుంది, పరుగెత్తుతూ వేస్తుంది. మగగుర్రాలు కొన్ని పచ్చికలో ఒకే చోటికి వచ్చి, పాత కుప్పను వాసన చూచి, దానిమీదే మళ్లీ వేస్తాయి. అది తన రాజ్యపు సరిహద్దురాయి అన్నమాట! అలాంటి గుర్రం వుంటే శాలలో ఒక మూల ఒక లద్దివుండ వుంచి చూడండి, ఫలించవచ్చు. ఆడగుర్రాలతో ఆశ తక్కువ.

అమెరికాలో చార్ల్‌స్టన్ అనే నగరంలో యాత్రికుల గుర్రపుబండ్లు తిరుగుతాయి. అక్కడివాళ్లు నేర్పే ప్రయత్నం మానుకుని, గుర్రం తోక క్రింద సంచి కట్టారు. మూత్రం పోస్తే బండివాడు అక్కడ చిన్న జెండా పడవేసి కబురు పంపుతాడు. నీళ్ల బండి వచ్చి కడిగిపోతుంది.

లద్దిని ఆపే ప్రయత్నం ఎన్నడూ చేయకూడదు. దాన్ని లెక్కపెట్టాలి. గుర్రం వాంతి చేసుకోలేదు. తిన్నది వెనుకకే పోవాలి. ప్రేగులో మేత గట్టిపడి అడ్డుపడితే కడుపునొప్పితో పొర్లాడుతుంది, ప్రాణమే పోవచ్చు. ప్రొద్దున శాల తలుపు తీసినప్పుడు రోజూ వుండే కుప్పలు లేవంటే, గది శుభ్రంగా వున్నదని సంతోషించకుండా పశువైద్యుని దగ్గరకు పరుగెత్తాలి. వెనుకటికి హిందీ, ఉర్దూ భాషలలో ఈ వైద్యుణ్ణి 'సలోత్రీ' అనేవారు. అశ్వశాస్త్రం చెప్పిన శాలిహోత్రుని పేరే అలా మారింది. మన కోరుట్లలో ఇప్పుడు పశువైద్య కళాశాల వున్నది. ఈ విద్య నేర్చుకోవాలనుకునే పిల్లలు దాని పేరు గుర్తుంచుకోండి.

లద్ది ఎత్తేటప్పుడు కాలికి చెప్పులు, చేతిలో పార వుండాలి. ధనుర్వాతం కలిగించే క్రిమి గుర్రపు లద్దిలో తరచు వుంటుంది; గాయం దొరికితే లోపలికి పోతుంది. మీకు పదో యేటా, పదహారో యేటా వేసే సూది ధనుర్వాతం రాకుండా కూడాను. వేయించుకున్నారో లేదో అమ్మను అడగండి. ఎత్తిన లద్దిని శాలకు దూరంగా కుప్ప పోయాలి. నాలుగు రోజులకు కుప్పలో కర్ర గుచ్చి, తీసి పట్టుకుని చూడండి, వేడిగా వుంటుంది. ఆ వేడికి పురుగుల గుడ్లు చాలావరకు చస్తాయి. కొన్ని నెలలు మాగి, నల్లగా పొడిపొడిగా అయ్యాక వంకాయ మడికి చల్లుకోవచ్చు.