వణికే గుండెలో ఓ ఇరుకు సంచి

“నాకు 54 ఏళ్లు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉందన్నారు. బీపీ, షుగర్ లేవు. ఇదే జబ్బుకు మా బావగారికి రక్తం గడ్డకట్టకుండా మందు రాసిన డాక్టరుగారు నాకు అక్కర్లేదన్నారు. ఎందుకని?” అని ఒక పాఠకుడు అడిగారు. ఎంత మంచి ప్రశ్న!

ఈ జబ్బులో గుండె పైగదులు ముడుచుకోవడం మాని వణుకుతాయి. ఎడమ పైగదికి అంటుకుని అపెండేజ్ అనే చిన్న సంచి ఉంటుంది. మెడ ఇరుకు, లోపలంతా కండరాల గట్లు. వణుకు మొదలైతే అక్కడి రక్తం సరిగా కదలదు. అన్నవాహికలోంచి ఎకో తీస్తే ఎర్రకణాలు దొంతరలుగా పేరుకుని సుడులు తిరగడం కనిపిస్తుంది. వైద్యులు దాన్ని ‘స్మోక్’ అంటారు. కవాటాల జబ్బు లేనివారిలో ఎడమ పైగదిలో ఏర్పడే గడ్డల్లో దాదాపు 90 శాతం ఈ సంచిలోవే. అందులోంచి ఒక ముక్క మెదడుకు చేరితే పక్షవాతం.

అయితే రక్తం నిలిచినంత మాత్రాన గడ్డ కట్టేయదు. జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరుతో మూడు కారణాలు చెబుతారు: ప్రవాహం మందగించడం, గోడ దెబ్బతినడం, రక్తం గుణం మారడం. ఫిబ్రిలేషన్ ముఖ్యంగా మొదటిదాన్ని తెస్తుంది. మిగతా రెండింటికీ దారి తీసేవి వయసు, బీపీ, షుగర్, గుండె బలహీనత. డాక్టర్లు స్కోరు వేసేది ఇలాంటివాటికే! 2024 యూరప్ మార్గదర్శకాల ప్రకారం సున్నా వస్తే మందు వద్దు, 1 వస్తే ఆలోచించాలి, 2 లేదా అంతకు మించి వస్తే వాడాలి. పాత స్కోరులో ఆడవారికి అదనంగా వేసే పాయింటును అందులో తీసేశారు.

ముప్పు మధ్యస్థంగా ఉన్నవారికి ఏళ్ల తరబడి ఆస్పిరిన్ రాశారు. అది పొరపాటు. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లను ఆపుతుంది. నిలిచిన రక్తంలో గడ్డను అల్లేది ప్రధానంగా ఫైబ్రిన్ పోగులు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ పడనివారిపై 2011లో వెలువడిన అవెరోస్ పరీక్షలో, ఆస్పిరిన్‌తో పోలిస్తే, ఆ పోగులు అల్లుకోకుండా అడ్డుకునే అపిక్సాబాన్ పక్షవాతాన్ని సగానికి పైగా తగ్గించింది. పెద్ద రక్తస్రావాలు రెండింటిలోనూ దాదాపు సమానమే.

మరి అలాంటి మంచి మందునే ముప్పు తక్కువున్నవారికీ ఇస్తే? కెనడాలో 1,235 మందిపై జరిగిన బ్రెయిన్-ఏఎఫ్ పరీక్ష ఫలితాలు 2024 నవంబరులో వచ్చాయి. అపిక్సాబాన్ కోవకే చెందిన రివరోక్సాబాన్ వేసుకున్నా, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నా పక్షవాతం, మతిమరుపుల్లో తేడా రాలేదు. ప్రయోజనం లేదని పరీక్షను ముందే ఆపేశారు.

పాఠకుడికి మందు వద్దన్నది అందుకే. కానీ బీపీ వచ్చినా, 65 నిండినా లెక్క మారుతుంది. ఏటా స్కోరు మళ్లీ వేయించుకోవాలి, చాలామంది అది వదిలేస్తారు. రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం బాగా ఇరుకైనవారికి, మన దేశంలో వీళ్లు తక్కువేం కాదు, ఈ స్కోరు వర్తించదు. వాళ్లకు సున్నా వచ్చినా వార్ఫరిన్ లాంటి మందు వాడాల్సిందే.