కుడి అంటే దేనికి కుడి?

మాది గంగారం. చుట్టూ అడవి, సముద్రం ఊసే లేదు. అయినా కమ్యూనికేషన్ సబ్జెక్టు చదువుతుంటే ఓడల్లో వాడే రాడార్ దగ్గర నా మనసు ఆగింది. తరంగం పోయి, వస్తువుకు తగిలి తిరిగొస్తుంది. పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్క కడతారు. ఇది మనందరికీ తెలిసిందే. కానీ ఆ తెర మీద పైభాగంలో ఏ దిక్కు ఉండాలి? దీనికి మూడు జవాబులున్నాయి.

ఒక ఓడ విశాఖపట్నం నుంచి చెన్నైకి బయల్దేరిందనుకుందాం. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా ఉంటుంది కాబట్టి ఓడ దాదాపు నైరుతి వైపు పోతుంది. ముందుకు చూస్తూ నిలబడితే భూమి కుడిచేతి వైపు ఉంటుంది.

మొదటిది హెడ్ అప్. ఓడ ముందు భాగం ఎప్పుడూ తెర పైనే. తీరం తెర మీద కూడా కుడివైపే కనిపిస్తుంది. కిటికీలోంచి చూసినట్టే ఉంటుంది కాబట్టి అర్థం చేసుకోవడం తేలిక. చిక్కేమిటంటే, ఓడ పది డిగ్రీలు ఎడమకు తిరిగితే తెర మీద తీరం, పడవలు అన్నీ పది డిగ్రీలు కుడికి తిరుగుతాయి. అలలకు ఓడ అటూ ఇటూ తిరుగుతుంటే బొమ్మంతా చెదిరిపోతుంది. ఎదుటి పడవ కదిలిందా, మనమే తిరిగామా అన్నది చటుక్కున తేలదు.

రెండోది నార్త్ అప్. గైరో దిక్సూచి సాయంతో ఉత్తరాన్ని పైన నిలబెడతారు. బొమ్మ స్థిరంగా ఉంటుంది, సముద్ర పటంతో సరిగ్గా సరిపోతుంది. ఓడ తిరిగితే హెడ్డింగ్ గీత ఒక్కటే తిరుగుతుంది. కానీ మన చెన్నై ఓడకు ఆ గీత కింద ఎడమ మూలకు చూపిస్తుంది. కుడిచేతి వైపున్న భూమి తెర మీద పైన ఎడమ పక్కకు పోతుంది!

మూడోది కోర్స్ అప్. వెళ్లాలనుకున్న దారి పైన ఉంటుంది. దీనికీ గైరో కావాలి. తీరం కుడివైపే ఉంటుంది, బొమ్మా కదలదు. కాకపోతే దారి మార్చినప్పుడల్లా మళ్లీ సెట్ చేయాలి. లేకపోతే పాత దారే పైన ఉండిపోతుంది.

ఇదంతా ఎందుకంటే, సముద్రంలో కుడి ఎడమలతోనే ప్రాణాలు ముడిపడి ఉన్నాయి. కంటికి కనిపించే దూరంలో రెండు ఇంజిన్ ఓడలు అడ్డంగా ఎదురైతే, అవతలి ఓడ ఎవరికి కుడివైపు ఉందో వాళ్లే తప్పుకోవాలి. పొగమంచులోనైతే, ముందు వైపు ఓడను తప్పించుకోవడానికి ఎడమకు తిరగడం వీలైనంత వరకు మానాలి. 1956 జులై 25 రాత్రి ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అనే ఓడలు అమెరికా తీరానికి దగ్గర్లో గుద్దుకున్నాయి. రెండింటిలోనూ రాడార్ ఉంది. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరిగాయి. 51 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి తెర దిశే కారణమని నేననడం లేదు. రాడార్ ఉంటే సరిపోదు, చదవడం రావాలని మాత్రం అది చెబుతుంది.

ఫోన్ మ్యాప్‌లోనూ ఇదే సంగతి. నర్సంపేట పోతూ దిక్సూచి గుర్తును నొక్కి చూడండి, మ్యాప్ తిరిగిపోతుంది. రోడ్డు మీద పొరపడితే వెనక్కి తిరిగి రావచ్చు. పెద్ద ఓడ బ్రేక్ వేస్తే ఆగేది కాదు.

మూడింట్లో ఏది గొప్పదని వాదించుకోవడం దండగ. తెర మూలన ఏ మోడ్ అని రాసుందో మొదట చూడాలి. తర్వాత హెడ్డింగ్ గీతను వెతకాలి. కుడి అంటే తెరకు కుడి కాదు, ఆ గీత వెంట ముందుకు చూసేవాడికి కుడి.