అరటిపండు వాసనగల యొక ద్రవము: అది రైతులకు నేర్పు పాఠములు

రైతు వాసనను తన పనిముట్లలో నొకటిగా నెంచకపోయినను, దినదినమును దాని నాధారము చేసికొని యనేక నిర్ణయములు చేయుచునే యున్నాడు. పాతరలోని ధాన్యము మక్కినదో లేదో, అరటిగెల మాగినదో లేదో ముందుగా నాతనికి దెలుపునది ముక్కే. ఈ ఘ్రాణశక్తి యెట్లు పనిచేయునో కనుగొనుటకై శాస్త్రజ్ఞులు తరచుగా వాడు నొక ద్రవమును గూర్చి యీ సంచికలో వ్రాయదలచితిమి. ఏలయన ఆ ద్రవమునకు తేనెటీగల కోపముతోను, పురుగుమందు చల్లువారి ప్రాణరక్షణతోను గూడ సంబంధము గలదు.

దాని పేరు ఐసోఅమైల్ ఎసిటేటు. వాడుకలో దీనిని అరటినూనె యందురు గాని, యిది నూనెయు గాదు, అరటిపండునుండి పిండినదియు గాదు. ఐసోఅమైల్ ఆల్కహాలును, వెనిగరునకు పులుపునిచ్చు ఎసిటికామ్లమును, కొంచెము గంధకికామ్లముతో జేర్చి కాచినచో, నా రెండును గలిసి యీ ద్రవము పుట్టును. ఇట్లు ఆమ్లమును ఆల్కహాలును గలియగా నేర్పడు పదార్థములకు ఎస్టరులని పేరు. పండ్ల పరిమళములలో ననేకము లీ ఎస్టరులవలన గలుగునవే. అరటికాయ పండునప్పు డిది దానిలో దనంతట తానే పుట్టును. పచ్చికాయకు లేని పరిమళము మాగిన పండునకు వచ్చుటకు గల ముఖ్యకారణములలో నిది యొకటి.

కల్లు పులియుటకు గారణమగు ఈస్టు అను సూక్ష్మజీవియు దీనిని తయారుచేయును. మాగిన పండ్లచుట్టు ముసురు చిన్న యీగల నాకర్షించునది యిట్టి వాసనలే. ఈస్టునం దీ జాతి ఎస్టరులను బుట్టించు జన్యువును దీసివేసినచో, ఈగలు దానికడకు దక్కువగా వచ్చునని 2014లో ప్రకటింపబడిన యొక పరిశోధన తెలుపుచున్నది.

ఈ ద్రవమునకు రంగు లేదు. నీటికంటె తేలిక. నీటిలో మిక్కిలి కొద్దిగాను, ఆల్కహాలులో సులభముగాను గలియును. 142 డిగ్రీల సెంటిగ్రేడున మరుగునుగాని, మామూలు వేడిమిలోనే కొంత యావిరియగుచుండును. ఆ యావిరి నిప్పంటుకొనును గావున దీపముకడ నుంచరాదు. వాసన యందరెరిగినది, వెల స్వల్పము, కొలత ప్రకారము పలుచన చేయుట సులభము. ఈ గుణములచేతనే యిది ఘ్రాణపరిశోధనలలో దరచుగా వాడబడుచున్నది.

ముక్కులోని గ్రాహకముల జన్యువులను రిచర్డు ఆక్సెల్, లిండా బక్ అనువారు 1991లో కనుగొని, 2004లో నోబెల్ బహుమానము నందిరి. మనుష్యునియందు పనిచేయు నిట్టి గ్రాహకములు సుమారు 400 రకములు. కుక్కల ఘ్రాణశక్తియో మనకంటె నెంతయో హెచ్చు. 2006లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, పై ద్రవమునకు జ్ఞాతియగు అమైల్ ఎసిటేటు లక్షకోటి పాళ్ల గాలిలో నొకటి రెండు పాళ్లు మాత్రమే యున్నను, రెండు కుక్కలు దానిని గుర్తింపగలిగెను.

ఇక తేనెటీగల సంగతి. ఈగ కుట్టినప్పుడు ముల్లు మన చర్మములో నాటుకొని, విషపుతిత్తితోగూడ నిలిచిపోవును. ముల్లు మొదట నున్న భాగమునుండి వెలువడు వాసన తక్కిన యీగలకు యుద్ధభేరివంటిది. ఆ వాసనలోని ముఖ్యపదార్థము ఐసోఅమైల్ ఎసిటేటే యని 1962లో నిర్ధారితమైనది. పాశ్చాత్యుల తేనెటీగయందే గాక, మన దేశపు పెట్టెలలో బెంచు నీగయందును, కొండచరియలకు, ఎత్తైన చెట్లకు పెరలు గట్టు పెద్ద యీగయందును నిది గలదు. ఒక యీగ కుట్టిన చోటనే మరికొన్ని వచ్చి కుట్టుటకు గారణ మిదియే.

కావున ముల్లు గ్రుచ్చుకొనిన వెంటనే గోటితోనైనను గీకివేయవలయును. విషములో నధికభాగ మిరువది సెకనులలోనే లోని కెక్కును. ఎట్లు తీయవలెనని యాలోచించుటకంటె వేగముగా దీయుటయే ముఖ్యము. పిదప నక్కడ నిలువక దూరముగా బోయి, కుట్టినచోటును కడిగికొనవలయును. పెక్కుచోట్ల కుట్టినను, ఊపిరాడకున్నను, ముఖము వాచినను, క్షణమైన నాలసింపక వైద్యాలయమునకు జేర్చవలయును. పెట్టెలు విప్పువారు పొగవేయుట పూర్వమునుండి యాచారము. పొగవలన నీగల స్పర్శశృంగముల కీ వాసన తెలియుట తగ్గునని, కొలది నిమిషములలో నా శక్తి మరల వచ్చునని 1995లో రుజువైనది.

మూడవది ముఖకవచముల పరీక్ష. పురుగుమందుల యావిరిని పీల్చకుండ ముఖమునకు దొడుగుకొను కవచము సరిగా నమరినదో లేదో యీ ద్రవముతో దెలిసికొనుచున్నారు. మొదట రెండు సీసాలలో నొకదానిలో నుత్త నీటిని, రెండవదానిలో నీ ద్రవము స్వల్పముగా గలిపిన నీటిని బోసి, వాసనగల దేదియో చెప్పుమందురు. గుర్తింపజాలనివాని కీ పరీక్ష పనికిరాదు. పిమ్మట ఆవిరిని బట్టు వడపోతగల కవచము దొడిగి, ద్రవముతో దడిపిన కాగితమును వ్రేలాడదీసిన చిన్న యరలో నాతని నిలిపి, తలద్రిప్పించి, వంగించి, మాట్లాడింతురు. అరటి వాసన తగిలినచో గాలి ప్రక్కలనుండి చొచ్చుచున్నదన్నమాట. గడ్డము పెరిగినవాని ముఖమునకు కవచము హత్తుకొనదు.

ముక్కు త్వరగా నలయును గూడ. ఒక వాసనలో కొంతసేపున్నచో నది తెలియకపోవును. కావున "మందు వాసన యిపుడు తెలియుటలేదు, భయము లేదు" అనుకొనుట ప్రమాదము. ముఖమునకు గట్టిన పైగుడ్డయు, దుమ్మునుమాత్రమే యాపు మూతిముసుగును ఆవిరిని వడగట్టజాలవు.

ఒక్కొక్క రైతు మంచి కవచము గొని, దానిని పరీక్షింపించుకొనుట కష్టము కావచ్చును. కాని పిచికారీయంత్రములను, మందులను సభ్యులకు దెచ్చిపెట్టు సంఘము, వానితోపాటు తగిన వడపోతగల కవచములనుగూడ దెప్పించి, పరిశ్రమల భద్రత నెరిగినవారిచే బరీక్ష జరిపించుట కష్టము గాదు. చేలో పైరు నిలిచినను చల్లిన చేయి నిలువకున్న నేమి లాభము? రాబోవు సర్వసభ్యసమావేశమున నీ విషయమును జర్చింపవలసినదిగా సభ్యులను గోరుచున్నాము.