లెక్కల డిగ్రీ... లెక్క కుదురుతుందా?

ఇంటర్ ఎంపీసీ అవగానే ఇంటిల్లిపాదీ మాట్లాడుకునేది ఒక్కటే- ఇంజినీరింగ్‌లో ఏ కాలేజీ, ఏ బ్రాంచి అని. అలాంటప్పుడు ‘నాకు లెక్కలంటే ఇష్టం. బీఎస్సీ మ్యాథ్స్ చదువుతా’ అని పిల్లలు అన్నారనుకోండి... ‘సీటు రాలేదనుకుంటారు’ అని నాన్న, ‘చదివి ఏం చేస్తావు’ అని అమ్మ! ఆ భయం అర్థంలేనిదేమీ కాదు. అందుకే ఓసారి ఆ లెక్కేదో వేసి చూద్దాం.

ఫీజు కాదు... ఏళ్లు!

ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఫీజు ఏడాదికి కొన్ని వేలు. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో లక్ష దాటినవి చాలానే. అలా చూస్తే బీఎస్సీ చవకే. కానీ అసలు ఖర్చు ఏళ్లలో ఉంటుంది. బీటెక్ కుర్రాడు క్యాంపస్ ఇంటర్వ్యూలకు వెళ్లే సమయానికి బీఎస్సీ కుర్రాడు ఎమ్మెస్సీనో బీఈడీనో చదువుతుంటాడు. సర్కారు బడిలో లెక్కల మాస్టారు కావాలంటే డిగ్రీ మీద రెండేళ్ల బీఈడీ, ఆపైన టెట్, డీఎస్సీ. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తరవాత మళ్లీ డీఎస్సీ పరీక్ష జరిగింది 2024లో. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నోటిఫికేషన్ తరవాత మళ్లీ జరిగింది 2025లో. ఆ ఒక్క ఉద్యోగాన్నే నమ్ముకుంటే ఇంట్లో వాళ్లు ఎన్నాళ్లు ఎదురుచూడాలో ఊహించుకోవచ్చు.

ఎదురు డబ్బిచ్చే చదువు

మరో దారీ ఉంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీస్టాట్, బీమ్యాథ్ కోర్సులకు ట్యూషన్ ఫీజు లేకపోగా స్టైపెండు ఇస్తూ వచ్చారు. ప్రవేశ పరీక్ష మాత్రం కఠినం. చెన్నై మ్యాథమేటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రతిభను బట్టి ఫీజు మినహాయింపులుంటాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తరవాతే అయిదేళ్ల ఎమ్మెస్సీలో చేరొచ్చు. ఇవేవీ అందకపోయినా, మామూలు కాలేజీలో బీఎస్సీ చేసి ‘జామ్’ రాస్తే ఐఐటీలో ఎమ్మెస్సీ సీటుకు పోటీపడొచ్చు. ఆ తరవాత నెట్‌లో జేఆర్ఎఫ్ సాధిస్తే పరిశోధనకు నెలకు రూ.37 వేల ఫెలోషిప్.

ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు సంగతే చూడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎంఏ చేసి ఉద్యోగం కోసం కోల్‌కతా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు! 1941లో అక్కడి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. నాలుగేళ్లకు ఆయన రాసిన పరిశోధన పత్రానికి 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ప్రకటించారు. అందరూ సి.ఆర్.రావులు కాలేరు, నిజమే. కానీ లెక్కల డిగ్రీ గుమ్మం దాకానే తీసుకెళ్తుందనీ, లోపలికి వెళ్లాలంటే దానికి మరొకటి తోడవ్వాలనీ ఆయన కథ చెబుతుంది. ఇప్పుడా తోడు స్టాటిస్టిక్స్ కావచ్చు, ప్రోగ్రామింగ్ కావచ్చు, బీమా సంస్థల్లో పనికొచ్చే యాక్చూరియల్ పరీక్షలు కావచ్చు.

ఇష్టమా... మార్కులా?

ఇంటర్లో వందకు వంద వచ్చినంత మాత్రాన లెక్కల డిగ్రీ సరిపడుతుందని చెప్పలేం. ఈఏపీసెట్ లెక్కలన్నీ వేగం మీద నడుస్తాయి... మూడు గంటల్లో 160 ప్రశ్నలు. డిగ్రీలో రియల్ అనాలిసిస్, ఆల్జీబ్రా మొదలయ్యాక జవాబు ఎంత అన్నది కాదు, అది ఎందుకు నిజమో నిరూపించాలి. ఒక్క నిరూపణకు సాయంత్రమంతా పట్టొచ్చు. సూత్రం చెప్పగానే ‘అదెలా వచ్చింది’ అని అడిగే పిల్లలకు అది పండగ. మిగిలినవాళ్లకు శిక్షే!

అందుకే చేరేముందు మూడు సంగతులు తేల్చుకోండి. కనీసం అయిదేళ్లు చదివించగలమా? ఆ కాలేజీలో లెక్కలు బట్టీ పట్టిస్తున్నారా, అర్థమయ్యేలా చెబుతున్నారా? డిగ్రీకి తోడుగా ఇంకేం నేర్చుకోవాలి? మూడింటికీ జవాబు ఉంటే లెక్కల డిగ్రీ ఖర్చు కాదు, పెట్టుబడే. ‘ఇంజినీరింగ్ సీటు రాలేదు కాబట్టి’ అన్నదొక్కటే కారణమైతే మాత్రం... ఫీజు ఎంత తక్కువైనా దండగే!