ఎండలో పిక్క ఎందుకు పట్టేస్తుంది?

మే నెలలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆడి వచ్చాక ఆరిన చొక్కా వీపున తెల్లని చారలు చూశారా? అది ఉప్పే! చెమటలో నీళ్లతో పాటు ఉప్పులోని సోడియం కూడా పోతుంది. అది తగ్గి, కండరం అలసిపోతే పిక్క రాయిలా బిగుసుకుంటుంది. నీడలో కూర్చుని కాలు చాపి, పాదాన్ని మెల్లగా మీవైపు లాగండి.

ఉత్త నీళ్లతో పోయిన ఉప్పు తిరిగిరాదు. ఉప్పేసిన అంబలి, సల్ల తాగండి. లేదా లీటరు నీళ్లలో 6 చిన్న చెంచాల చక్కెర, అదే చెంచాతో అరచెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలపండి. చక్కెర రుచికి కాదు! చిన్నపేగులో చక్కెరలోని గ్లూకోజు సోడియాన్ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్తుంది. వాటి వెనకే నీరు. 1971లో డాక్టర్ దిలీప్ మహలనాబిస్ శరణార్థి శిబిరంలో కలరా రోగులను కాపాడింది ఈ కిటుకుతోనే.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం వెంటనే 108కి ఫోన్ చేయాలి.